చక్రం చప్పుడును సీజన్ దాకా సాగదీయొద్దు

(సంఘం సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

మద్దతు ధర గురించి, కరెంటు గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. ఈ రోజు చక్రం బేరింగు గురించి మాట్లాడుకుందాం. ఇదీ సాగు ఖర్చు సంగతే. అంతకంటే ముందు మనుషుల ప్రాణాల సంగతి.

మన వరంగల్ దిక్కు ట్రాక్టరుకు విశ్రాంతి తక్కువ. వానాకాలంలో దమ్ము, దసరా దాటితే పత్తి, ఆ వెంటనే వడ్లు, ఎండలు ముదిరే వేళకు మిర్చి. ఎనుమాముల మార్కెట్ ముందు బండ్లు బారులు తీరే రోజుల్లో బేరింగు పోయి ట్రాలీ నడిరోడ్డు మీద ఆగితే, సామాను ఖర్చు ఒక్కటే కాదు. సరుకును వేరే బండిలోకి ఎత్తించాలి, కిరాయి రెండుసార్లు కట్టాలి, వాన వస్తే పత్తి తడుస్తుంది. తడిసిన పత్తికి ధర ఎంత కోస్తారో మనందరికీ తెలుసు.

బేరింగు చెప్పకుండా పోదు. ముందు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును పోల్చుకోవడం నేర్చుకోవాలి. టైరు చప్పుడు రోడ్డును బట్టి మారుతుంది: తారు మీద ఒకలా, మట్టి బాట మీద ఒకలా. బేరింగు చప్పుడు ఏ రోడ్డు మీదైనా గరగరమంటూ, వేగంతో పాటు పెరుగుతుంది. మలుపులో బరువు బయటి వైపు చక్రం మీద పడుతుంది. కాబట్టి కుడికి తిరిగినప్పుడు చప్పుడు పెరిగితే ముందు ఎడమ చక్రాన్ని అనుమానించాలి. ట్రాలీ విప్పి ట్రాక్టరును ఒక్కదాన్నే నడిపితే చప్పుడు దేనిదో తేలిపోతుంది.

ఐదారు కిలోమీటర్లు నడిచాక ఆపి, అరచేతి వెనుక భాగాన్ని ఒక్కో హబ్ దగ్గర పెట్టి చూడండి. మిగతా వాటికంటే ఒకటి బాగా వేడెక్కితే అక్కడ తేడా ఉంది. బ్రేకు పట్టుకున్నా వేడెక్కుతుంది, అదీ చూసుకోవాలి. తర్వాత ఖాళీ బండిని గట్టి నేల మీద నిలిపి, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, అనుమానం ఉన్న చక్రాన్ని జాకీతో లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టాలి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్కుటక్కుమంటే వదులు ఉన్నట్టు. చేత్తో తిప్పితే గరగరమంటే విప్పి చూడాల్సిందే.

విప్పాక కిరోసిన్‌తో కడిగి చూడండి. రోలర్ల మీద గుంటలు, తుప్పు, వేడికి నీలంగా మాడిన మచ్చలు ఉంటే మార్చాలి. గ్రీజు పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. దమ్ములో దిగిన ముందు చక్రాలకు ఇది మామూలే. అరిగిన సీలు నుంచి బురద లోపలికి పోతుంది.

మార్చేటప్పుడు లోపలి కోనుతో పాటు హబ్‌లో బిగించిన కప్పునూ మార్చాలి. పాత కప్పులో కొత్త కోను పెడితే త్వరగానే పోతుంది. కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొట్టి దించాలి. రోలర్ల మీద సుత్తి పడకూడదు. గ్రీజును రోలర్ల సందుల్లోకి వేళ్లతో కూరాలి, హబ్‌ను మాత్రం పూర్తిగా నింపొద్దు. సీలు కొత్తదే వేయాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కొంచెం వదలాలి. ఎంత వదలాలో కంపెనీ పుస్తకం చూసి చేయాలి. స్ప్లిట్ పిన్ కూడా కొత్తదే. 50 కిలోమీటర్లు నడిచాక మరోసారి ఊపి చూడాలి. ట్రాక్టరు వెనుక ఇరుసు బేరింగుల జోలికి ఇంటి దగ్గర పోవద్దు, అది మెకానిక్ పని.

దుకాణానికి పోయేటప్పుడు రింగు మీద ఉన్న నంబరు రాసుకుని పోండి. 30206 అని ఉంటే చివరి 06ను 5తో గుణించాలి: లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీ సామాను వస్తోంది. డబ్బా మీది నంబరూ రింగు మీది నంబరూ కలవాలి. బిల్లు లేకుండా కొనొద్దు. బిల్లు ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మన ఫిర్యాదుకు బలం ఉంటుంది.

మిత్రులారా, చప్పుడు మొదట వినేది బండి యజమాని కాదు. డ్రైవరు వింటాడు. పత్తి ఏరడానికి, మిర్చి కోయడానికి ట్రాలీలో ఎక్కిన ఆడకూలీలు వింటారు. బండిని ఆపే అధికారం వాళ్లకు ఉండదు. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. అందులో కూలీలను ఎక్కించడం చట్టానికీ విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గరా చిక్కులే. కూలీలకు ఆటో కిరాయి ఇవ్వడం మన బాధ్యత. అలాగే, చప్పుడు వస్తోందని డ్రైవరు బండి ఆపితే ఆ రోజు కూలి కోయొద్దు. జీతం పోతుందన్న భయం ఉన్నవాడు చప్పుడు విన్నా నోరు విప్పడు.

మేము ప్రతి గ్రామ కమిటీని రెండు పనులు అడుగుతున్నాం. ఒక మంచి జాకీ, రెండు స్టాండ్లు, ఒక పుల్లర్, ఒక గ్రీజు గన్ను ఉమ్మడిగా కొని పెట్టుకోండి. దమ్ములు అయిపోయాక ఒక రోజు, వడ్ల కోతలకు ముందు ఒక రోజు ఊళ్లోని ట్రాక్టర్లు, ట్రాలీలన్నీ ఒక చోట చేర్చి చక్రాలు లేపి చూడండి. చిన్న రైతు ఒక్కడే అన్నీ కొనలేడు. ఊరంతా కలిస్తే అది భారం కాదు.