ఆంగ్లములో చేదర్థక వాక్యము
(అనంతగిరిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



2016లో మండల కేంద్రమైన ఈ గ్రామమున ఆంగ్ల వ్యాకరణమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 2022-23 విద్యాసంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. తెలుగు, ఆంగ్లము ఎదురెదురు పుటలలో అచ్చయిన పుస్తకములు మీ బిడ్డల చేతికి వచ్చినవి. ఆ రెండు పుటలు ఎచ్చట పొసగవో తెలిసికొనుట అవసరము.

"వాన పడితే నాట్లు వేస్తాము" అందుము. గ్రంథములలో నిది "పడినచో", "పడినయెడల" అని యుండును. మన వ్యాకరణములు దీనిని చేదర్థకమనును. "పడితే" అను మాటలో కాలము లేదు. ఆంగ్లమున కాలము చెప్పక తప్పదు. రేపటి వానయైనను "ఇఫ్ ఇట్ రెయిన్స్" అని వర్తమానముననే చెప్పి, ఫలమును మాత్రము "వుయ్ విల్ ప్లాంట్" అని భవిష్యత్తున చెప్పవలెను. రేపటి మాట గదా యని పిల్లలు "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అందురు. ఆలోచన సబబే, ప్రయోగమే దోషము.

సాగరు ఎడమకాలువ క్రింది రైతు, "నీరు వచ్చియుంటే వరి వేసియుండేవాడిని" అనును. నీరు రాలేదు, వరి వేయలేదు. జరుగని దానిని ఆంగ్లేయుడు "ఇఫ్ ద వాటర్ హ్యాడ్ కమ్, ఐ వుడ్ హ్యావ్ గ్రోన్ ప్యాడీ" అనును. "వుడ్" ఫలితము ప్రక్కనే యుండవలెను, "ఇఫ్" ప్రక్కకు రారాదు.

మరియొక చిక్కు గలదు. "తెల్లవారితే పెండ్లి" అందుము. ఇచ్చట "ఇఫ్" వాడినచో తెల్లవారుటయే సందేహమగును! నిశ్చయమైన దానికి "వెన్" అనవలెను.

అన్నింటికన్న నష్టకరమైనది "అన్‌లెస్". పంటరుణపు కాగితమున "అన్‌లెస్ యు పే బిఫోర్ ద డ్యూ డేట్, యు విల్ లూజ్ ద కన్సెషన్" అని యున్నదనుకొనుడు. గడువులోపల చెల్లింపనిచో రాయితీ పోవునని దాని భావము. "అన్‌లెస్" లోనే "కానిచో" ఇమిడియున్నది. దానికి మరల "నాట్" చేర్చిన, చెల్లించినవానికే రాయితీ పోవునని తలక్రిందగును. సంతకమునకు ముందు ఇట్టి వాక్యమును మీ పిల్లలచే చదివించి, ఎవరికి, ఎప్పుడు రాయితీ పోవునో తెలుగున చెప్పించుడు.