కరెంటు అడగని నీటి శుద్ధి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లోని పేద పల్లెల కోసం ఇంజనీరింగు విద్యార్థులు చేస్తున్న పనుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా సర్వీసంతా పల్లెల నీటి సరఫరాలోనే గడిచింది కనుక, నాకు బాగా నచ్చిన ఒక్క పని గురించే చెబుతాను.

మధ్య అమెరికాలోని హోండురాస్ కొండల దేశం. అక్కడ చాలా ఊళ్లకు వాగునీరే గొట్టాల్లో వస్తుంది. వాన పడిందంటే కుళాయిలో బురదే. 2005లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మన్రో వెబర్-షిర్క్ అనే అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి ‘అగ్వాక్లారా’ పథకం మొదలుపెట్టారు. స్పానిష్‌లో ఆ మాటకు తేటనీరు అని అర్థం. కరెంటు లేకుండా, నీరు పల్లానికి పారుతూనే శుద్ధి కావాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం.

మన పెద్దలు కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేవారు. ఇక్కడా సూత్రం అదే. పటికలాంటి మందు కలిపిన నీరు అడ్డుపలకల మధ్య వంకరటింకరగా పారుతుంది. మట్టి ముద్దకట్టి తొట్టిలో అడుగుకు దిగుతుంది. చివర క్లోరిన్ కలుపుతారు.

అసలు తెలివి మందు మోతాదులో ఉంది. మా రోజుల్లో పరీక్ష చేసి, పటిక ఇంత వేయాలని కాగితం మీద రాసి గోడకు అంటించేవాళ్లం. అర్ధరాత్రి నీటి ఉరవడి పెరిగితే ఆ కాగితం ఎవరు చూస్తారు? వీళ్లు తేలే బుడ్డి ఒకటి, తక్కెడ కాడలాంటి మీట ఒకటి పెట్టారు. నీరు ఎక్కువగా వస్తే బుడ్డి లేస్తుంది, మీట వాలుతుంది, మందు దానంతటదే ఎక్కువగా పడుతుంది. నీటి మురికిని చూసి మీట మీది బిళ్లను జరపడమే ఆపరేటరు పని. తొట్టి ఖాళీ చేయడానికి వాల్వు కూడా లేదు, ప్లాస్టిక్ గొట్టం ముక్కను పైకి లాగితే చాలు!

ఇదంతా నాకు అక్కడ చదివిన మా మనుమరాలు చెప్పింది. “అమ్మా, మీ విమానం ఖర్చులతో అక్కడే నలుగురు మేస్త్రీలను పెట్టుకోవచ్చు కదా?” అన్నాను. “కట్టేది అక్కడివాళ్లే తాతయ్యా. మా పని చాలావరకు ఇక్కడి ప్రయోగశాలలోనే” అంది. నిజమే. నిర్మాణం అగ్వా పారా ఎల్ ప్యూబ్లో అనే స్థానిక సంస్థ చూస్తుంది. తర్వాత నడిపేది ఊరి నీటి సంఘం. ఇంటింటా రుసుము వసూలు చేసి ఆపరేటరుకు జీతం ఇస్తుంది.

మోటారు కాలిపోయి నెలల తరబడి మూతపడిన స్కీములు మనలో చాలామంది చూశాం. బాగుచేయడానికి డబ్బూ లేదు, బాధ్యుడూ లేడు. అందుకే ప్రారంభోత్సవం ఫొటోల కన్నా ఆ ఆపరేటరు జీతం మీదే నా కన్ను పడింది.

ఆ నమూనాలను వాళ్లు దాచుకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మీట బొమ్మ నేను గీసి తెచ్చాను. టీ విరామంలో ఇక్కడే బల్ల మీద ఉంచుతాను, చూడండి. సెలవు.