విడిపోయినవారి కథ



విడిపోయిన భార్యనో భర్తనో పాత్రగా జేసి నవల వ్రాయువారిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. విద్వద్గద్వాల నీడన పెరిగిన మా ధరూరు వంటి యూళ్లకు కావ్యచర్చ క్రొత్త గాదు. పెద్దల యెదుట తెగతెంపులు చేసికొను నాచారమును పెక్కు కులములలో పూర్వమునుండి కలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టముతో న్యాయస్థానపు విడాకులు హిందువుల కెల్లరకును లభించినవి. కావున నీ చర్చ మన యిండ్లకును సంబంధించినదే.

అమెరికా రచయిత్రి నోరా ఎఫ్రాన్ కార్ల్ బెర్న్‌స్టీన్ అను పత్రికారచయితను పెండ్లాడి, ఇద్దరు కొడుకులను గని, విడిపోయినది. 1983 లో 'హార్ట్‌బర్న్' అను నవలను ప్రకటించినది. అందు నాయిక వంటలను గూర్చి వ్రాయు స్త్రీ. నిండు గర్భిణిగా నున్నపుడు భర్త పరస్త్రీ సాంగత్యము నెరుగును. కథ నడుమ వంటల విధానములును గలవు. దుఃఖమును హాస్యముగా మార్చుట యామె నేర్పు. పేర్లు మార్చినను లోకము భర్తను గుర్తించెను.

విడిపోకమున్నే యిట్టిది జరుగుటయు గలదు. 1889 లో టాల్‌స్టాయ్ 'క్రూట్జర్ సొనాటా' యను కథలో, అసూయచే భార్యను జంపిన భర్తచేత వివాహమునే నిందింపజేసెను. చదువరులు దానియందు ఆయన సంసారమునే చూచిరి. పదుమూడుగురు బిడ్డలను గన్న భార్య సోఫియా నొచ్చుకొని, 'ఎవరి దోషము?' అను ప్రత్యుత్తరపు నవల వ్రాసినది. ఆమె 1919 లో గతించెను. ఆ నవల రష్యాలో అచ్చైనది 1994 లో. వాది మాట లోకమెల్ల వినెను. ప్రతివాది మాట యామె యనంతరము డెబ్బదియైదేండ్లకు వినబడెను.

ఇట్టి నవలలో వాది, సాక్షి, న్యాయాధిపతి ముగ్గురు నొక్కరే. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఐనను బాధపడినవారు నోరు మూసికొనవలెనని నా మతము గాదు. కొట్టినవానిని కొట్టలేదని వ్రాయుమనుట యధర్మము.

మరి హద్దేది? వాల్మీకిని జూడుడు. పరిత్యక్తయైన సీత కాశ్రయ మిచ్చి, యామె కన్నీరు కన్నులార జూచినవా డాయన. ఐనను రాముని రాక్షసునిగా జేయలేదు. పరిత్యాగమును దాచనూ లేదు. ఆ కథను సీత కొడుకులచేతనే తండ్రి సభలో పాడించెను. బిడ్డలు తండ్రి యెదుట పాడదగినట్లు తల్లి కథ చెప్పుటకంటె మంచి గీటురాయిని నేనెరుగను.

నా పూర్వశిష్యు డొకడు విడిపోయిన భార్యను గూర్చి నవల వ్రాసి, దిద్దుమని తెచ్చెను. భాష బాగున్నది. "నాయనా, ఇన్ని పుటలలో ఆ పిల్ల ఒక్కసారియైన నవ్వలేదేమి? నీ కూతురు చదువ నేర్చినది గదా!" యంటిని. అతడు మాటాడక వ్రాతప్రతిని తీసికొని పోయెను. తరువాత నేమి చేసెనో నే నడుగలేదు.

పెద్దలారా! నవల వ్రాయకున్నను, రచ్చబండమీద మనమును ఇట్టి కథలు కట్టుచునే యున్నాము. ఆలుమగలు విడిపోయినపుడు ముందు వచ్చినవారి మాటయే మనకు కథ యగుచున్నది. ఆ కథ యాడుబిడ్డ మారుమనువునకు అడ్డు వచ్చును. బడిలో ఆమె కొడుకును తల వంచుకొనునట్లు చేయును. అచ్చైన నవలకు ప్రత్యుత్తరము వ్రాయవచ్చును. రచ్చబండ కథకు బదులు చెప్పుటకు ఆ పిల్లకు చోటేది? కావున రెండవవారిని పిలిచి విన్న పిమ్మటనే నోరు విప్పుదము.

సెలవు.