ట్యూబు లేని సైకిలు టైరు



పొలముల దారిని సైకిలు నడుపువారికి పల్లేరుకాయ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున పాల క్యాన్లు తగిలించుకొని బయలుదేరినవాడు నడిదారిలో పంక్చరై నిలిచిపోయినచో, ఆ పూట పాలు కేంద్రమునకు చేరవు. అందుచేత, మోటారు సైకిళ్ళకు వలె మా సైకిళ్ళకు గూడ ట్యూబు తీసివేయరాదా యని మేము గ్రామములకు పోయినపుడు పలువురు అడుగుచున్నారు. ఈనాడు ఆ విషయమునే విచారింతము.

1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్లప్ అను పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు పొందెను. మన సాధారణ సైకిలులో నేటికిని గాలి నిలుపునది ట్యూబే. దానిని తీసివేసినచో ఆ పనిని రిమ్మును టైరును కలిసి చేయవలెను. ఇచ్చటనే చిక్కు గలదు. మోటారు సైకిలు పోత చక్రమునకు పుల్లలుండవు, వాటి రంధ్రములును ఉండవు. సైకిలు రిమ్మునకో, పుల్లలు బిగించుటకు 32 గాని, 36 గాని, 40 గాని రంధ్రములుండును. ఒక్కదానినుండి గాలి పోయినను చక్రము నిలువదు.

కావున రిమ్మును తడి లేకుండ తుడిచి, ఇందుకై అమ్ము టేపును బిగలాగి అతికింతురు. వాల్వు రంధ్రము కడ టేపును పొడిచి, అడుగున రబ్బరు గల ప్రత్యేకపు వాల్వును బిగింతురు. టైరు తొడిగి, రబ్బరు పాలతో చేసిన ద్రవమును చక్రమునకు సుమారు 60 నుండి 100 మిల్లీ లీటర్లు పోయుదురు. అంచులకు సబ్బునీరు రాసి వడిగా గాలి కొట్టినచో అవి టప్పుమని రిమ్ములో కూర్చుండును. పిమ్మట చక్రమును అన్ని వైపులకు త్రిప్పుదురు. ముల్లు గుచ్చుకొన్నపుడు గాలితో బయటకు వచ్చు ద్రవము ఆ రంధ్రములోనే గడ్డకట్టి దానిని మూసివేయును.

వినుటకు బాగుగనే యున్నది. కాని మా అభిప్రాయము దాచక చెప్పుచున్నాము. మన పల్లెలలో తిరుగు పెద్ద సైకిలు ఇనుప రిమ్మునకు, సాధారణ టైరునకు ఈ పని తగదు. ఆ టైరు అంచు ట్యూబు సాయము లేక రిమ్మును పట్టి యుంచుటకు చేసినది కాదు. మలుపులో అంచు జారినచో గాలి అంతయు ఒక్క క్షణమున పోవును. వెనుక కూర్చున్న బిడ్డ సంగతి ఆలోచింపుడు. రిమ్మునకును టైరునకును, రెంటికిని, ట్యూబ్‌లెస్ ముద్ర యున్న గేరు సైకిళ్ళకే దీనిని చేయించుకొనవలెను.

పెద్ద సైకిలు గలవారు ద్రవమును ట్యూబులోనే పోసికొనవచ్చును. వాల్వు నట్టు విప్పినచో లోపలి భాగము ఊడివచ్చును గనుక ఇది సులభము. అయితే ట్యూబులకు పనికివచ్చునని సీసాపై వ్రాసియున్నదానినే కొనుడు. పల్లేరుకాయ చేయు సన్న రంధ్రములకు ఇది చాలును. ట్యూబు చిరిగినచో మరల పంక్చరు షాపే గతి.

రబ్బరు పాల ద్రవము కొలది నెలలలో ఎండిపోవును. మన వేసవిలో ఇంకను త్వరగా. మరల పోయు ఖర్చును ముందే లెక్కించుకొనవలెను.

ట్యూబు తీసివేయించినవారును దూరము పోవునపుడు ఒక ట్యూబును, చేతి పంపును వెంట నుంచుకొనవలెను. టైరు పెద్దగా కోసికొని పోయినపుడు బిగించిన వాల్వును విప్పి, లోపలివైపు మొనలు తేలిన ముండ్లన్నిటిని జాగ్రత్తగా తడవి, పెరికివేసిన తరువాతనే ఆ ట్యూబును ఎక్కింపుడు.