మత్తయి అన్నా, మత్తేఓ అన్నా

ఈ దినమున ఒక మగబిడ్డ పేరును గూర్చి ధ్యానించుదము.

బిడ్డ పుట్టగానే పేరు కొరకు సెల్‌ఫోనులో వెదకువారు మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలోను ఉన్నారు. అట్లు వెదకువారికి ఇటలీ దేశపు పేరు ఒకటి దొరకును. "మాటియో" అని చదివి, పొట్టిగా ఉన్నది, కొత్తగా ఉన్నది అని మురిసిపోవుదురు. ఇటలీవారు పలుకునది మత్తేఓ. "తే" మీద ఊనిక, తకారమునకు ఒత్తు. ఆ ఒత్తు మన మత్తయిలోను ఉన్నది గదా! రెండును ఒక్కటే పేరు. హెబ్రీలో మత్తిత్యా, అనగా యెహోవా ఇచ్చిన వరము. అది గ్రీకు మీదుగా ఇటలీకి పోయెను, మన తెలుగు బైబిలులోనికిని వచ్చెను. 1583లో చైనా లోపలికి వెళ్లిన మత్తేఓ రిచ్చీ అను ఇటలీ మిషనెరీ అక్కడ లి మాదౌ ఆయెను. ఏ దేశము వెళ్లినను ఈ పేరు అక్కడివారి నోటికి ఒదిగిపోవును.

మత్తయి అంటే పల్లెటూరి పేరట, మత్తేఓ అంటే నాగరికమట! నాకిది వింతగా తోచును. తాతగారి పేరునే విమానమెక్కించి తెచ్చుకొనుచున్నారు. తెచ్చుకొనుడి, తప్పు లేదు. నానమ్మకు నోరు తిరగక "మత్తయ్యా" అని పిలిచినయెడల మాత్రము కోపపడకుడి. ఆమె సరిగానే పిలిచినది.

సువార్తలోని మత్తయి ఎవరు? కపెర్నహూములో సుంకము వసూలు చేయువాడు. మార్కు, లూకా అతనిని లేవి అందురు. వరమని పేరు పెట్టుకొన్నవాడు స్వజనులకు కంటగింపాయెను. అయినను ప్రభువు అతని లెక్కల పుస్తకము తెరచి చూడలేదు. మొదట పిలిచెను, తరువాత అతని ఇంట భోజనమునకు కూర్చుండెను.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వీధులలో నడచి చూడుడి. పిల్లవానిని మొదట ర్యాంకు అడుగుదురు, పేరు తరువాత. హాస్టలు గదిలో వాడు అర్ధరాత్రి వరకు పుస్తకము ముందు కూర్చుండును, ఇంటికి ఫోను చేయుటకు జంకును. వరము అనునది ఏ పరీక్ష రాయకముందే ఇయ్యబడినది. మీరు ఆ పేరు పెట్టిననాడు వాడు ఒక్క మార్కైనను తెచ్చియుండలేదు.

తల్లీ, తండ్రీ, ర్యాంకు రాని సాయంత్రము వాడు ఎల్బీనగర్‌లో మెట్రో దిగి తల వంచుకొని వచ్చును. ఆనాడు మార్కులు అడుగకుడి. తలుపు తీసి, "రారా మత్తయ్యా, అన్నము తిందువు" అనుడి.