పొలముకాపు – ప్రాణరక్ష



రాత్రియంతయు మంచెపై మేలుకొని పంటను కాచినవారికి అడవిపంది చేయు నష్టమును నేను వర్ణింప నక్కఱలేదు. నెలల కష్టమును అది యొక్క జామున త్రవ్వి పోవును. చిత్తూరు జిల్లాలోని పలమనేరు, కుప్పము ప్రాంతములవారికి ఏనుఁగుల బాధయుఁ గలదు. 1980 తరువాతి సంవత్సరములలో పొరుగురాష్ట్రముల యడవులనుండి ఏనుఁగులు వచ్చి యచ్చట నిలిచినవి. 1990లో ప్రభుత్వమువారు కౌండిన్య అభయారణ్యము నేర్పఱచిరి. కాని పొలిమేర ఱాళ్లు ఏనుఁగునకుఁ దెలియవు. చెఱకు, అరటి యున్నచోటికి అది వచ్చును.

పంట పోయిన రైతునకుఁ గోపము సహజము. ఆ కోపమునఁ గొందఱు చేయుచున్న యొక పనినిగుఱించియే నేఁడు మనవి చేయఁదలఁచితిని. వారు పొలముచుట్టును తీఁగ కట్టి, మోటారునకు వచ్చు విద్యుత్తును దానికిఁ దగిలించుచున్నారు. ఆ తీఁగకుఁ గన్నులు లేవు. తెల్లవాఱకముందే నీరు పెట్టుటకై గట్టువెంటఁ బోవు పొరుగు రైతును, మేకల వెంటఁ బోవు పిల్లవానిని, తుదకుఁ గట్టినవానినే యది చంపుచున్నది.

ఇంటికి వచ్చు విద్యుత్తు 230 వోల్టులది, ఎడతెగక ప్రవహించును. కండరములు బిగిసికొనుటచేఁ బట్టుకొన్నవాఁడు విడువఁజాలఁడు. సూర్యరశ్మితోఁ బనిచేయు కంచె వేఱు. తగిన యంత్రముతో సరిగాఁ గట్టినచో, అది సుమారు సెకండునకొక్కమాఱు, ఱెప్పపాటుకంటెఁ దక్కువకాలము మాత్రమే కొట్టును. మృగము బెదరి మరలిపోవును, ప్రాణము నిలుచును.

“పంట పోయినచో మాకు దిక్కెవ్వరు?” అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నష్టమును వెంటనే అటవీశాఖవారికిఁ దెలుపవలయును. పరిహారమాలస్యమైనచో ఒక్కనిని విడిచిపెట్టక, ఊరంతయుఁ గలసి యడుగవలయును. ఏనుఁగు వచ్చినపుడు గుంపుగూడి ఱాళ్లు రువ్వరాదు. అది తిరిగిపోవుటకుఁ ద్రోవ విడువవలయును.

1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఏనుఁగును జంపుట నేరము. కాని చట్టము ప్రాణము పోయిన పిదప వచ్చును. పెద్దల మాట ముందే రాఁగలదు. తీఁగ యెవరు కట్టిరో గ్రామమున నందఱకును దెలియును. తెలిసియు నూరకుండుట మన తప్పు. మృగము ఆఁకలినే యెఱుఁగును. బాధ్యత నెఱుఁగవలసినవాఁడు మనుష్యుఁడు. రేపే రచ్చకట్టకడఁ గూడి, అట్టి తీఁగలన్నిటిని విప్పించుఁడు.

ఇఁక సెలవు.