పక్క వాయిద్యాన్ని వింటూ

 ఈ రోజు మీరు అందుకుంటున్న కంప్యూటర్ సైన్స్ పట్టా మీద మీ ఒక్కరి పేరే ఉంటుంది. రేపటి నుంచి మీరు రాసే ప్రోగ్రాములు మాత్రం పదిమంది చేతుల మీదుగా నడుస్తాయి. ఆ తేడా గురించి చెప్పడానికి జావా ద్వీపపు వాద్యబృంద సంగీతం గమెలాన్‌ను ఎంచుకున్నాను. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1950లలోనే ఈ సంగీతాభ్యాసం మొదలైంది. ఇప్పుడు అమెరికా, యూరప్‌లలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి బృందాలున్నాయి. పగలంతా కోడ్ రాసి సాయంత్రం ఆ కంచు వాయిద్యాల ముందు కూర్చునే విద్యార్థిని చూస్తే చదువు వేరు, సరదా వేరు అనిపిస్తుంది. కానీ మన చదువు నేర్పకుండా వదిలేసిన దాన్నే ఆ సరదా నేర్పుతోందని నా నమ్మకం.

గమెలాన్‌లో ఎదురుగా నిలబడి చేతులూపే నిర్దేశకుడు ఉండడు. సరోన్ వంటి పలకల వాయిద్యాలు పాటకు మూలమైన స్వరాలను వాయిస్తాయి. జావా వారు ఆ స్వరాలను బలుంగాన్ అంటారు, అంటే ఎముకల గూడు. బొనాంగ్, గెందేర్ దాని చుట్టూ అల్లికలు అల్లుతాయి. కెండాంగ్ అనే మద్దెల నడకను మారుస్తుంది. లద్రాంగ్ అనే రూపంలో 32 దెబ్బల ఆవృత్తం ముగిసే చోట పెద్ద గాంగ్ ఒక్కసారి మోగుతుంది. సరోన్ వాయించేవారి చేతులను గమనించండి. కుడిచేతి సుత్తి కొత్త పలకను కొట్టే క్షణంలోనే ఎడమచేతి వేళ్లు అంతకుముందు కొట్టిన పలకను పట్టుకుని దాని మోత ఆపాలి. ఆపకపోతే రెండు స్వరాలూ ఒకదానిమీద ఒకటి పడి పాట మసకబారుతుంది. మోగించడం ఎంత విద్యో, పక్కవారికి అడ్డం రాకుండా సమయానికి ఆపడమూ అంతే విద్య. వాడుకున్న మెమరీని తిరిగి ఇవ్వని ప్రోగ్రాము మొత్తం యంత్రాన్నే ఎలా కుంగదీస్తుందో మీకు తెలుసు.

శ్రుతి సంగతి ఇంకా లోతైనది. స్లెంద్రో అనే శ్రుతి పద్ధతిలో ఐదు స్వరాలు, పెలోగ్ అనే పద్ధతిలో ఏడు. కానీ అన్ని వాద్యసముదాయాలకూ చెల్లే ఒకే ప్రమాణం లేదు. ఒక సముదాయంలోని వాయిద్యాలను ఒకదానికొకటి సరిపోయేలా శ్రుతి చేస్తారు. అందువల్ల ఒక చోటి సరోన్ తెచ్చి మరో చోట పెడితే, దానిలో ఏ లోపమూ లేకపోయినా అపశ్రుతే పలుకుతుంది. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ వ్యోమనౌక 1999లో అంగారకుడి దగ్గర నాశనమైంది ఇలాంటి అపశ్రుతి వల్లే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల కొలమానంలో అంకెలిచ్చింది. దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ వాటిని న్యూటన్ల కొలమానంలోవే అనుకుంది. కూడికలు తప్పలేదు, కొలతలు కలవలేదు. పెద్ద పనులు చాలాసార్లు అతుకుల దగ్గరే విడిపోతాయి. మన పరీక్షలేమో ఒక్కొక్క ముక్కకే మార్కులు వేస్తాయి.

ఇదంతా పోలికే కదా, సరోన్ నేర్చినంత మాత్రాన మంచి కోడ్ వస్తుందా అని మీరు అడగవచ్చు. రాదు. కోడ్ రాయడం కోడ్ రాస్తేనే వస్తుంది. అయితే తన పని చేస్తూనే పక్కవారి పనిని వినడం పాఠంగా చదివితే వచ్చేది కాదు, ఒంటికి పట్టాల్సిన అలవాటు. గమెలాన్‌లో మీరు వినకపోయారో, ఆ తప్పు ఆ క్షణమే అందరికీ వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అది నెలల తరువాత, ఎవరో తెలియని వినియోగదారుడి దగ్గర బయటపడుతుంది. తప్పు వెంటనే తెలిసే చోట సాధన చేసినవారికి, ఆలస్యంగా తెలిసే చోట ముందే జాగ్రత్తపడే గుణం అబ్బే అవకాశం ఎక్కువ.

బృందంలో పడితే సొంత ప్రతిభ మరుగున పడదా అన్నది మరో సందేహం. రాసి ఉంచే స్వరలిపిలో చాలావరకు ఆ ఎముకల గూడే కనిపిస్తుంది. గెందేర్ కళాకారులు ఆ మూలస్వరాలను బట్టి తమ అల్లికను తామే కట్టుకుంటారు. ఆ పనిని గరప్ అంటారు. మద్దెల నడక నెమ్మదించిన కొద్దీ స్వరాల మధ్య చోటు పెరుగుతుంది, ఆ చోటును వారు రెట్టింపు స్వరాలతో నింపుతారు. అందరికీ తెలిసిన చట్రం ఉండబట్టే ఆ స్వేచ్ఛ సాధ్యమైంది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్యాపకంగా మొదలుపెట్టిన లినక్స్ కూడా, ఉమ్మడి కట్టుబాట్లకు లోబడి ఎందరో తమ ప్రతిభ చూపబట్టే ఇంత పెరిగింది.

పరాయివారి కళ మనకెందుకని అనుకోకండి. గమెలాన్ దగ్గరకు చెప్పులు విడిచి వెళ్లాలి, వాయిద్యాన్ని దాటి అడుగు వేయకూడదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఆ మర్యాద కొత్తది కాదు. అదే మర్యాదను ఇతరులు రాసిన కోడ్ పట్ల, మీ కోడ్‌ను రేపు చదవబోయేవారి పట్ల చూపండి. ఏదో ఒక ఉమ్మడి కళను, అది భజన బృందమైనా సరే, జీవితంలో ఉంచుకోండి. మీ భాగం పూర్తయిందని చెప్పే ముందు, దాన్ని అందుకునేవారు ఏ కొలమానంలో లెక్కిస్తున్నారో ఒక్కసారి అడగండి.